గురువు కథకి సాక్ష్యం అడిగిన శిష్యుడు

యుద్ధవిద్యల చరిత్ర – 12వ భాగం

గత భాగాన్ని మొరిహెయి ఉయెషిబా మరణంతో ముగించాం. 1883 డిసెంబరు 14న జపాన్‌లోని తనాబె పట్నంలో పుట్టిన ఆయన, ఐకిడో అనే విద్యకి మూలపురుషుడై, 1969 ఏప్రిల్ 26న 85 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆ భాగం శ్రద్ధగా చదివినవారికి ఒక సందేహం వచ్చే ఉంటుంది. హొక్కైదో మంచుకొండల్లో ఆయన ఎవరి దగ్గర, ఎలా నేర్చుకున్నాడు? 1935లో పోలీసులు ఓమోతో మతకేంద్రాల మీద పడ్డప్పుడు ఎలా బయటపడ్డాడు? యుద్ధం తర్వాత టోక్యోలో రోజువారీ పాఠాలు ఎవరు చెప్పారు? ఇంత వివరంగా ఇవన్నీ మనకెలా తెలిశాయి?

ఉయెషిబా తన చరిత్ర రాసుకోలేదు. ఆయన ప్రసంగాల నిండా దేవతలు, విశ్వం, ప్రార్థన. ఎదురుగా కూర్చున్న శిష్యుల్లో చాలామందికి అవి అంతుబట్టేవి కావు. అర్థం కాకపోయినా అడిగేవాళ్లు లేరు. జపాన్ డోజోలో, అంటే సాధనశాలలో, గురువుని ప్రశ్నించడం మర్యాద కాదు. ఆయన పోయాక, 1977లో, కొడుకు కిష్షోమారు తండ్రి జీవితచరిత్ర ప్రచురించాడు. విలువైన పుస్తకమే. కాని అది వారసుడు రాసిన పుస్తకం. తండ్రి మీద భక్తి, సంస్థ పట్ల బాధ్యత, రెండూ ఆ కలాన్ని నడిపించాయి.

మిగిలిందల్లా నోటిమాట. ఆ నోటిమాటని కాగితం మీద పెట్టి, దాని పక్కన సాక్ష్యం పెట్టి, రెండూ పొసగుతున్నాయా లేదా అని నలభై ఏళ్లకి పైగా చూసినవాడు ఒక అమెరికన్. పేరు స్టాన్లీ ప్రానిన్. ఈ భాగం ఆయన కథ.

లొమీటా నుంచి టోక్యోకి

ప్రానిన్ 1945లో పుట్టాడు. 1962లో, ఇంకా ఇరవై నిండకముందే, దక్షిణ కాలిఫోర్నియాలోని లొమీటా అనే చిన్న ఊళ్లో ఐకిడో మొదలుపెట్టాడు. అప్పటికి ఆ విద్య అమెరికాకి కొత్త. ఉయెషిబా శిష్యుల్లో పేరున్న కొయిచి తొహెయి 1953లో హవాయి దీవులకి వచ్చి నేర్పడంతో అక్కడ బీజం పడింది. ప్రానిన్ మొదట చేరింది యోషిన్‌కాన్ శాఖలో. ఇది యుద్ధానికి ముందు ఉయెషిబా దగ్గర నేర్చుకున్న గోజో షియోదా 1955లో నెలకొల్పిన శాఖ. కొంతకాలం తర్వాత ప్రానిన్ ఉయెషిబా కుటుంబం నడిపే ఐకికాయ్ సంస్థ పద్ధతికి మారాడు.

అంటే కుర్రతనంలోనే ఒకే విద్యని రెండు శాఖల్లో చూశాడన్నమాట. ఒక శాఖలో నిలబడే తీరు, పట్టు, విసురు ఒకలా ఉంటే, రెండో శాఖలో ఇంకోలా ఉండేవి. రెండు శాఖలూ చెప్పుకునే మూలపురుషుడు మాత్రం ఒక్కడే. మరి ఆ మూలపురుషుడు స్వయంగా ఎలా చేసేవాడు? ఈ ప్రశ్న తర్వాతి రోజుల్లో ప్రానిన్ చేసిన పనంతటికీ వేరు.

ఆయన మొదటిసారి జపాన్ వెళ్లింది 1969లో. ఉయెషిబా పోయిందీ ఆ ఏడాదే. గురువుని ప్రత్యక్షంగా ఎరగడు కాబట్టి ప్రానిన్‌కి మిగిలిన దారి ఒక్కటే: ఎరిగినవాళ్లందరినీ వెతుక్కుంటూ వెళ్లడం.

1974లో ఆయన ‘ఐకి న్యూస్’ అనే చిన్న పత్రిక మొదలుపెట్టాడు. పెట్టుబడి లేదు, వెనక సంస్థ లేదు. ఉయెషిబా గురించి జపనీస్‌లో వచ్చిన సమాచారాన్ని ఇంగ్లీషు చదువరులకి అందించడం మొదటి ఉద్దేశం. ఆ ఏడాదే ఐకిడో లోకంలో పెద్ద చీలిక వచ్చింది. ఐకికాయ్‌లో శిక్షకులందరికీ పెద్ద తలకాయ అయిన తొహెయి సంస్థని వదిలి బయటికి వెళ్లిపోయాడు. ఆయన వెంట విదేశాల్లోని ఎన్నో డోజోలు వెళ్లాయి. ఎవరు అసలు వారసులు, ఎవరిది సరైన పద్ధతి అన్న వాదులాట ఊరూరా మొదలైంది. చరిత్ర అడిగేవాడికి అంతకన్నా గడ్డుకాలం ఉండదు. అంతకన్నా అవసరమైన కాలమూ ఉండదు.

ఇవామాలో కాపురం

1977లో ప్రానిన్ జపాన్‌కి మకాం మార్చి ఇవామా అనే పల్లె చేరాడు. ఇబరాకి జిల్లాలోని ఈ ఊరికి ఉయెషిబా 1942లో టోక్యో వదిలి వచ్చేశాడు. ఇక్కడ పొలం దున్నాడు, ఆలయం కట్టాడు, చిన్న డోజో పెట్టుకున్నాడు. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1946లో, మొరిహిరో సయితో అనే పద్దెనిమిదేళ్ల ఊరి కుర్రాడు ఆయన దగ్గర చేరాడు. రైల్వేలో ఉద్యోగం చేసుకుంటూ, గురువు పోయేదాకా ఆయన్ని అంటిపెట్టుకుని ఉన్నాడు. కత్తి, కర్ర పట్టుకుని గురువు ఎదుట నిలబడి ఏళ్ల తరబడి సాధన చేసే అవకాశం ఆయనకి దక్కినట్టు ఇంకొకరికి దక్కలేదు. గురువు తర్వాత ఇవామా డోజోని, ఆలయాన్ని కనిపెట్టుకుని ఉన్నదీ ఆయనే.

ప్రానిన్ సయితోకి శిష్యుడయ్యాడు. ఆయన దగ్గరే నల్లబెల్టులో అయిదో స్థాయి, అంటే అయిదో డాన్ పొందాడు. పొద్దున్నా సాయంత్రం సాధన, మధ్యలో పత్రిక పని. భాషలంటే సహజంగానే ఆసక్తి ఉన్నవాడు కావడంతో జపనీస్ పట్టుబట్టి నేర్చుకున్నాడు. మధ్యలో దుబాసీ అక్కర్లేకుండా ఎదుటివాడి నోటినుంచి నేరుగా వినగలగడం ఆయనకి పెద్ద ఆయుధమైంది.

పత్రికని ఇంగ్లీషు, జపనీస్ రెండు భాషల్లోనూ అచ్చువేయడం మొదలుపెట్టాక దాని స్వభావమే మారిపోయింది. అంతవరకూ విదేశీయుడు రాసింది విదేశీయులే చదివేవారు. ఇప్పుడు మాట చెప్పిన వృద్ధుడు తన మాట తనే చదువుకుంటాడు, ఆయన తోటి శిష్యుడూ చదువుతాడు. ‘అది అలా జరగలేదు’ అనాలనుకుంటే అనొచ్చు. పొరపాటు జరిగితే వెంటనే పట్టుబడుతుంది. ప్రానిన్ సేకరణకి నమ్మకం తెచ్చిపెట్టిన వాటిలో ఇది ముఖ్యమైనది.

వృద్ధుల గడపలు

ఉయెషిబా 1931లో టోక్యోలోని వకమత్సు-చోలో కోబుకాన్ డోజో తెరిచాడు. అక్కడి సాధన ఎంత కఠినంగా ఉండేదంటే జనం దాన్ని నరకపు డోజో అనేవారు. అందులో నేర్చుకున్నవాళ్లు 1970ల చివరికి అరవైలు దాటిన వృద్ధులు. కొందరు సొంత శాఖలు పెట్టుకున్నారు. కొందరు విద్యని పూర్తిగా వదిలేసి వ్యాపారాలు, ఉద్యోగాలు చేసుకున్నారు. వాళ్ల పేర్లు అప్పటి ఐకిడో పుస్తకాల్లో పెద్దగా కనిపించవు. ప్రానిన్ ఒక్కొక్కరినీ వెతికి పట్టుకున్నాడు.

జూడో గురువు జిగొరో కానో పంపగా ఉయెషిబా దగ్గరికి వచ్చిన మినోరు మొచిజుకి, వసెదా విశ్వవిద్యాలయంలో ఐకిడోకి పోటీ రూపం ఇచ్చిన కెంజి తొమికి, కోబుకాన్ బలశాలిగా పేరుపడ్డ రింజిరో షిరాతా, ప్రాచీన ఖడ్గవిద్యలో దిట్ట యోషియో సుగినో, యోషిన్‌కాన్ షియోదా – వీళ్ల జ్ఞాపకాలన్నీ ఆయన పత్రికలో అచ్చయ్యాయి. తకాకో కునిగోషి అనే మహిళ జ్ఞాపకాలు కూడా. ఆడవాళ్లు డోజో గడప తొక్కడమే అరుదైన రోజుల్లో ఆమె మగవాళ్లతో సమానంగా సాధన చేసింది. బొమ్మలు వేయడం వచ్చు. 1933లో ఉయెషిబా శిష్యుల కోసం తెచ్చిన ‘బూడో రెన్‌షూ’ పుస్తకంలోని చిత్రాలు ఆమె గీసినవే. ప్రానిన్ వెళ్లి అడక్కపోతే ఆ బొమ్మల వెనక ఉన్న మనిషి మనకి తెలిసేది కాదు.

ఆయన అడిగే ప్రశ్నలు పెద్ద పెద్ద తత్త్వాల గురించి కావు. డోజోకి ఎప్పుడు చేరారు, ఎవరు పరిచయం చేశారు, అప్పుడు అక్కడ ఇంకా ఎవరున్నారు, ఆ విద్యని అప్పట్లో ఏమని పిలిచేవారు, గురువు కత్తి పట్టేవాడా, ఉయెషిబాకి గురువైన సొకాకు తకెదా వచ్చినప్పుడు మీరున్నారా? ఇవన్నీ తేదీలు, పేర్లు, చోట్లు తేల్చే ప్రశ్నలు. అవే ప్రశ్నలు పదిమందిని అడిగితే జవాబుల్లో తేడాలు బయటపడతాయి. తేడా ఉన్నచోట మళ్లీ వెళ్లి అడగొచ్చు. ముసలితనపు జ్ఞాపకం మోసం చేస్తుందని ఆయనకి తెలుసు. అందుకే ఒక్కరి మాట మీద గోడ కట్టలేదు.

వీళ్లందరిలో కీలకమైనవాడు నొరియాకి ఇనోవె. ఉయెషిబాకి స్వయానా మేనల్లుడు. అతని కుటుంబం తనాబెలో కలిగినవాళ్లు, ఉయెషిబా తొలి ప్రయత్నాలకి డబ్బుతో ఆదుకున్నవాళ్లు. ఇనోవె చిన్నప్పటి నుంచీ మామ వెంటే తిరిగాడు, మామతో కలిసి విద్య నేర్పాడు, ఓమోతో మతం తీసుకున్నాడు. 1935 డిసెంబరు 8న ప్రభుత్వం ఓమోతో మీద దాడి చేసింది. మతగురువు ఒనిసాబురో దెగుచిని అరెస్టు చేసి, అయాబె, కమెఓకాల్లోని కట్టడాలని నేలమట్టం చేసింది. దెగుచికి అత్యంత సన్నిహితుడైన ఉయెషిబా మాత్రం జైలుకి వెళ్లలేదు. ఒసాకా పోలీసు అధిపతి కెంజి తొమితా ఆయన శిష్యుడు కావడం అందుకు అక్కరకొచ్చింది. కష్టకాలంలో మామ దెగుచిని వదిలేశాడని ఇనోవె మనసు విరిగింది. తెగిన ఆ బంధం మళ్లీ అతుక్కోలేదు. ఇనోవె వేరే పేరుతో తన విద్య నేర్పుకుంటూ దూరంగా ఉండిపోయాడు.

ఐకిడో అధికార చరిత్రలో ఆ మేనల్లుడికి దక్కిన చోటు చాలా చిన్నది. ప్రానిన్ ఆయన దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. ఇనోవె మాటల్లో చేదు ఉంది, అతిశయం ఉంది. ఐకిడో పుట్టుకలో తనకీ వాటా ఉందన్నాడు. ప్రానిన్ ఆ మాటలని దాచలేదు, నిజమని ముద్రా వేయలేదు. మిగతావారి మాటల పక్కనే అచ్చువేశాడు. ఈ సంభాషణల్లో ముఖ్యమైనవి 1993లో ‘ఐకిడో మాస్టర్స్’ అనే పుస్తకంగా వచ్చాయి. మరుసటి ఏడాది ఇనోవె, షియోదా ఇద్దరూ కన్నుమూశారు. ఆ జ్ఞాపకాలని ఇక ఎవరు అడిగినా చెప్పేవాళ్లు లేరు.

1938 నాటి పుస్తకం

1981లో ప్రానిన్ జెంజాబురో అకజావా అనే పాత శిష్యుడిని కలిశాడు. కోబుకాన్‌లో గురువు ఇంట్లోనే ఉండి నేర్చుకున్నవాడు ఆయన. మాటల మధ్యలో అకజావా లోపలినుంచి ఒక పుస్తకం తెచ్చి చూపించాడు. పేరు ‘బూడో’. 1938లో అచ్చయింది. రాజవంశీకుడైన కయా యువరాజు కోసం తయారైన ఆ పుస్తకాన్ని బజారులో అమ్మలేదు. అందులో ఫొటోల్లో పట్లు చూపిస్తున్నది ఉయెషిబాయే. ప్రానిన్ అంతకుముందు దాన్ని చూడలేదు, విననూ లేదు.

దాన్ని ఇవామాకి తీసుకెళ్లి సయితోకి చూపించాడు. పాతికేళ్లకి దగ్గరగా గురువుతో గడిపిన సయితో కూడా ఆ పుస్తకం ఎరగడు. పేజీలు తిప్పుతుంటే ఆయన సంబరం అంతా ఇంతా కాదు. ఎందుకంటే ఇవామా పద్ధతి గురువు నేర్పినది కాదు, సయితో సొంతంగా కల్పించుకున్నదని టోక్యోలో కొందరు అనేవారు. పుస్తకంలో అడుగు ఎక్కడ పడిందో, చెయ్యి ఎక్కడ పట్టిందో, ఇవామాలో అప్పటికీ అక్కడే పడుతోంది, అక్కడే పట్టుకుంటోంది. ఆ రోజు నుంచి సయితో ఎక్కడ పాఠం చెప్పినా ఆ పుస్తకం వెంట ఉండేది. పట్టు చూపించి, వెంటనే పేజీ తెరిచి, ఇదిగో చూడండి అనేవాడు. తర్వాత ఇద్దరూ కలిసి ఆ పుస్తకానికి వ్యాఖ్యానం కూడా తెచ్చారు.

ఈ సంఘటనకి ఒక లోతైన అర్థం ఉంది. అంతవరకూ ఐకిడోలో ‘గురువుగారు ఇలా చేసేవారు’ అనే మాటకి తిరుగు లేదు. ఎవరు ఆయన దగ్గర ఎక్కువ కాలం ఉంటే వాళ్ల మాట గెలిచేది. ఇప్పుడు ఆ మాటని సరిచూసుకోడానికి కాగితం ఉంది. ఆ పుస్తకం నాటి కాలంలోనే, 1936 ప్రాంతంలో, కొదాన్షా ప్రచురణ సంస్థ స్థాపకుడు సేజి నోమా డోజోలో తీసిన వందల ఫొటోలు కూడా ప్రానిన్ పరిశోధనకి అందాయి. వాటిలో ఉయెషిబా చేతిలో పడుతున్న శిష్యుడు షిగెమి యొనెకావా. ఆయన్నీ ప్రానిన్ కలిసి మాట్లాడాడు.

ఒసాకా ఫిల్ము

మనకి పరిచయమైన ఉయెషిబా తెల్లగడ్డం ముసలాయన. చెయ్యి అలా కదిపితే శిష్యులు ఇలా పడిపోతారు. యుద్ధం తర్వాత తీసిన సినిమాలన్నీ అవే. చూసినవాళ్లలో సగంమందికి భక్తి, సగంమందికి అనుమానం. మరి నడివయసులో, ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు ఎలా ఉండేవాడు?

జవాబు ఒసాకాలో దొరికింది. 1935లో అక్కడి అసాహి పత్రిక సంస్థలో ఉయెషిబా విద్యని చిత్రీకరించారు. ఎవరికీ పట్టకుండా ఉండిపోయిన ఆ ఫిల్ముని వెతికి వెలుగులోకి తెచ్చింది ప్రానినే. అందులో ఉన్నది యాభై దాటిన దిట్టమైన మనిషి. చురుకైన అడుగులు, గట్టి దెబ్బలు, ఒకరి మీద ఒకరుగా పడుతున్న దాడులు. ఆయన అప్పటికే తను నేర్చుకున్న పాత జుజుత్సు చట్రం నుంచి ఎంత దూరం వచ్చాడో, ఆ చట్రంలోది ఎంత మిగుల్చుకున్నాడో ఆ ఫిల్ము పక్కాగా చూపిస్తుంది.

అసాహి సంస్థతో ముడిపడిన ఇంకో ఉదంతం ఉంది. ఆ పత్రికలో అధికారి అయిన తకుమా హిసా, ఆయన తోటివారు ఉయెషిబా దగ్గర నేర్చుకుంటుండగా, 1936లో సొకాకు తకెదా హఠాత్తుగా అక్కడికి వచ్చాడు. ఉయెషిబా గురువుని నేనే, ఇక నేను నేర్పుతానన్నాడు. హిసా చెప్పిన ప్రకారం, ఉయెషిబా తన గురువుని పలకరించకుండానే ఒసాకా నుంచి వెళ్లిపోయాడు. ఒక మహాగురువు తన గురువుకి ముఖం చాటేశాడంటే, ఆ ఇద్దరి మధ్యా తేలని లెక్క ఏదో ఉంది. ప్రానిన్ జీవితంలో అతి పెద్ద వివాదం ఆ లెక్క తీయడంతోనే వచ్చింది.

అబషిరిలో చిట్టాలు

ఐజు ప్రాంతపు యోధుల కుటుంబంలో పుట్టిన సొకాకు తకెదా, దైతో-ర్యూ అనే జుజుత్సు విద్యని ఊరూరా తిరిగి నేర్పాడు. ఒక్కచోట నిలవలేదు, శాశ్వతమైన డోజో పెట్టలేదు. 1943లో ప్రయాణంలోనే పోయాడు. ఆయనకి ఒక అలవాటు ఉంది. నేర్చుకున్న ప్రతివాడి చేతా పేరు, ఊరు రాయించి ముద్ర వేయించుకునేవాడు. ఇచ్చిన రుసుమూ రాయించేవాడు. పోలీసులు, న్యాయాధికారులు, సైనికులు, ఊరి పెద్దలు, అందరి పేర్లూ ఆ చిట్టాల్లో ఉన్నాయి. ఆయన పోయాక అవి కొడుకు తొకిమునె దగ్గర, హొక్కైదో ఉత్తర తీరంలోని అబషిరి పట్నంలో భద్రంగా ఉన్నాయి.

ప్రానిన్ తొకిమునెని కలిసి ఆ చిట్టాలు చూశాడు. ఉయెషిబా పేరు అందులో ఉంది. 1915లో హొక్కైదోలోని ఎంగరు పట్నపు సత్రంలో సొకాకుని కలిసింది మొదలు ఆయన పేరు పదే పదే కనిపిస్తుంది. ఒక్కో శిక్షణ పదేసి రోజులు. 1919 చివరిలో తండ్రి జబ్బు కబురందుకుని ఉయెషిబా హొక్కైదో వదిలేటప్పుడు అక్కడి తన ఇల్లు సొకాకుకే ఇచ్చేశాడు. 1922లో సొకాకు కుటుంబంతో సహా అయాబెకి వచ్చి, నెలల తరబడి ఉండి, నేర్పే అధికారం ఇచ్చే పత్రం ఉయెషిబాకి రాసిచ్చాడు. కొత్తగా చేరే శిష్యుల తరఫున గురువుకి రుసుము చెల్లించాలన్న షరతూ ఉంది.

అప్పటికి ఐకిడో పుస్తకాల్లో చలామణీలో ఉన్న కథ వేరు. ఉయెషిబా అనేక ప్రాచీన విద్యలు అభ్యసించాడనీ, దైతో-ర్యూ అందులో ఒకటి మాత్రమేననీ, ఐకిడో ఆయన ఆధ్యాత్మిక అనుభవం నుంచి పుట్టిందనీ ఆ కథ. ప్రానిన్ సాక్ష్యాలన్నీ పరిచి చెప్పింది ఇది: మిగతా విద్యలతో ఆయన పరిచయం స్వల్పం, ఐకిడో పట్లకి మూలం దైతో-ర్యూయే. ఉయెషిబా చేసిన మార్పు గొప్పది, దాని వెనక ఓమోతో ప్రభావం పెద్దది. అయినంతమాత్రాన విత్తనం ఎక్కడిదో దాచనక్కర్లేదు.

ఈ మాట చాలామందికి మింగుడుపడలేదు. మూలపురుషుడి మహిమ తగ్గుతుందని సంస్థలో కొందరి భయం. ఒక విదేశీయుడు మన ఇంటి సంగతులు బజారున పెడుతున్నాడని ఇంకొందరి కోపం. ప్రానిన్ వాదనకి దిగకుండా దైతో-ర్యూ గురువులనే వరసగా కలిసి, వాళ్ల మాటలని 1996లో ఒక సంపుటంగా తెచ్చాడు. ఇవాళ ఐకిడో చరిత్ర రాసేవాళ్లెవరూ సొకాకు పేరుని అడుగున నోటులోకి నెట్టే ధైర్యం చేయరు.

ఎవరి ఐకిడో మనది?

దైతో-ర్యూ వ్యవహారం ఉయెషిబాకి ముందు సంగతి. తర్వాతి సంగతి మీద కూడా ప్రానిన్ ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వేశాడు. ఆధునిక ఐకిడోకి నిజంగా ఉయెషిబాయే తండ్రా?

యుద్ధం ముగిసేసరికి టోక్యో డోజోలో ఇళ్లు కాలిపోయిన కుటుంబాలు తలదాచుకుంటున్నాయి. కిష్షోమారు బయట ఉద్యోగం చేసి డోజో ఖర్చులు భరించాడు. 1948లో ఐకికాయ్ సంస్థగా నమోదైంది. ఆ ఏళ్లలో ఉయెషిబా ఎక్కువగా ఇవామాలోనే ఉన్నాడు. టోక్యో వచ్చినా డోజోలోకి వచ్చి కొంతసేపు చూపించి, కొంతసేపు దేవతల గురించి మాట్లాడి వెళ్లేవాడు. రోజూ నిలబడి పాఠం చెప్పింది కిష్షోమారు, తొహెయి, ఇంకొందరు పెద్ద శిష్యులు. అమెరికాకి, ఐరోపాకి వెళ్లి నేర్పిన తరం వాళ్ల చేతుల్లో తయారైనదే. యోషిన్‌కాన్ పద్ధతిలో షియోదా వేరుగా వేలమందిని తయారుచేశాడు. కాబట్టి ప్రపంచం నేర్చుకున్నది ముఖ్యంగా ఈ వారసుల ఐకిడో అని ప్రానిన్ తేల్చాడు.

ఇది గురువుని తగ్గించడం కాదు. బొమ్మ పెట్టి దండ వేసినంత మాత్రాన ఆయన విద్య మనకి వచ్చినట్టు కాదని చెప్పడం. ఆయన్ని తెలుసుకోవాలంటే ‘బూడో’ పుస్తకం, ఒసాకా ఫిల్ము, ఇవామా సాధన మళ్లీ తిరగేయమని పిలుపివ్వడం.

ఒకే వేదిక మీద

చరిత్ర తవ్వేవాడికి శత్రువులు పెరుగుతారు. ప్రానిన్ మాత్రం విడిపోయినవాళ్లని దగ్గర చేర్చే పని కూడా పెట్టుకున్నాడు. 1985లో టోక్యోలో వేర్వేరు శాఖల గురువులని ఒకే వేదిక మీద ప్రదర్శన ఇవ్వమని పిలిచాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోని శాఖలు అవి. ఏ శాఖకీ చెందని పత్రికవాడు పిలిచాడు కాబట్టి రావడానికి ఎవరికీ చిన్నతనం కాలేదు. ఈ స్నేహ ప్రదర్శనలు తర్వాత కూడా కొన్నిసార్లు జరిగాయి.

1991లో ఐకిడో విజ్ఞానసర్వస్వం తెచ్చాడు. పేర్లు, తేదీలు, సంస్థలు, పట్లు, అన్నీ ఒక్కచోట. 1994లో పత్రిక పేరు ‘ఐకిడో జర్నల్’గా మారింది. 1996లో ప్రానిన్ అమెరికా తిరిగి వెళ్లి, లాస్ వేగస్‌లో స్థిరపడ్డాడు. 2002, 2003ల్లో అక్కడే, 2005లో లాస్ ఏంజెలెస్‌లో ‘ఐకి ఎక్స్‌పో’ పేరిట పెద్ద సమావేశాలు పెట్టాడు. దైతో-ర్యూ గురువు కత్సుయుకి కొందో, ఐకిడో గురువులు ఒకే చాప మీద నేర్పడం వాటిలో జరిగింది. అబషిరి చిట్టాలతో మొదలైన గొడవ అలా పక్కపక్కన నిలబడి నమస్కరించుకునేదాకా వచ్చింది. మొదటి ఎక్స్‌పో జరిగిన ఏడాదే, 2002 మేలో, సయితో కన్నుమూశాడు.

మంచిచెడ్డలు

ప్రానిన్‌ని విమర్శించేవాళ్లు చెప్పే మాటల్లో పస లేకపోలేదు. ఆయన సయితో శిష్యుడు. ఇవామా పద్ధతే గురువుకి దగ్గరదన్న అభిప్రాయం ఆయన రాతల్లో కనిపిస్తూనే ఉంటుంది. టోక్యో శిష్యుల వాదనకి ఆయన తూకంలో ఒక్కోసారి తక్కువ బరువు పడింది. పైగా ఆయన ఆధారపడింది చాలావరకూ నలభై యాభై ఏళ్ల నాటి జ్ఞాపకాల మీద. విశ్వవిద్యాలయ పరిశోధకుడికి ఉండే వనరులు ఆయనకి లేవు. పత్రిక అమ్ముకుని బతకాలి, ఏ గురువు గురించి రాస్తే ఆ గురువు శిష్యులే చందాదారులు. ఎవరిని నొప్పించినా గిట్టుబాటు కాదు.

అయినా రాశాడు. తన అభిప్రాయం ఇదీ అని చెబుతూనే, దాన్ని తోసిపుచ్చడానికి పనికొచ్చే సామగ్రిని కూడా పాఠకుడి చేతికి ఇచ్చాడు. ఇవాళ ఎవరైనా ప్రానిన్ తీర్మానాలతో తగువు పెట్టుకోవాలంటే ప్రానిన్ సేకరించిన సంభాషణలు, ఫొటోలు, ఫిల్ముల మీదే ఆధారపడాలి. చరిత్రకారుడికి అంతకు మించిన యోగ్యతాపత్రం లేదు.

భక్తి ఉన్నచోట ప్రశ్న ఉండకూడదని, ప్రశ్న ఉన్నచోట భక్తి నిలవదని మనలో చాలామందికి ఒక నమ్మకం. ప్రానిన్ రోజూ డోజోలో గురువు పటానికి వంగి నమస్కరించినవాడే. లేచి వెళ్లి అదే గురువు గురించి తేదీలు సరిచూసుకున్నవాడే. ఉయెషిబా ఇప్పుడు మనకి అద్భుతాల మనిషిగా కాక, అప్పులు, బంధువులు, తగాదాలు, భయాలు, అపారమైన సాధన ఉన్న మనిషిగా తెలుసు. ఆ మనిషి సాధించినది ఇంకా గొప్పగానే కనిపిస్తోంది. కాబట్టి సాక్ష్యం అడగడం వల్ల ఐకిడో నష్టపోయిందేమీ లేదు.

స్టాన్లీ ప్రానిన్ 2017 మార్చి 7న, 71 ఏళ్ల వయసులో మరణించాడు. ఆయన మొదలుపెట్టిన పత్రిక కొత్త సంపాదకుడి చేతుల్లో కొనసాగింది.

వచ్చే భాగంలో, ఆ చిట్టాలు రాయించిన సొకాకు తకెదా దగ్గరికే వెళ్దాం. ఇంటికి దూరంగా, ఊరూరా తిరుగుతూ బతికిన ఆ యోధుడు వేలమందికి విద్య ఎలా నేర్పాడో, ఎవరినీ ఎందుకు నమ్మలేదో చూద్దాం.